కాలు తగిలినందుకు

ఆ ఏడు సెప్టెంబరు నుంచి మా ఇంట్లో తండ్రీ కొడుకులు నా మీదుగా మాట్లాడుకునేవారు. "కారు గరాజ్‌కి అడ్డంగా పెట్టాడు, తీయమని చెప్పు వాడికి" అని ఆయన. "టెల్ నాన్న, ఐ విల్ మూవ్ ఇట్" అని వాడు. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర, ఒకే పప్పుగిన్నెకి అటొకరు ఇటొకరు కూర్చుని చేసే భాగోతం ఇది. పప్పు వడ్డించాలా, వీళ్ళ మాటలు వడ్డించాలా తెలిసేది కాదు నాకు.

కారణం ఫుట్‌బాల్. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. నెత్తికి హెల్మెట్టు, భుజాలకి డిప్పలు తగిలించుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి కోసం ఒకడి మీద ఒకడు పడి కుమ్ముకునే ఆట. మా చిన్నూ చిన్నప్పుడు అందరి పిల్లల్లాగే సాకర్ ఆడేవాడు. కాలేజీలో చేరాక వాడి కాలి బలం చూసి ఎవరో ఈ బంతి తన్నమన్నారట. తన్నాడు. అంతే, ఇక వాడు మాకు దక్కలేదు. వాడి అసలు పేరు మహీధర్. జట్టులో కిక్కర్ అంటారు వాణ్ణి. అందరూ కుమ్ముకోవడం అయ్యాక వచ్చి బంతిని రెండు కర్రల మధ్య నుంచి తన్నడం వాడి పని. జట్టు పేరు హెరాన్స్, హెల్మెట్టు మీద కొంగ బొమ్మ. కొంగల జట్టు అని వెక్కిరించేది ఆయనే అయినా ఆ పేరు పెట్టింది మాత్రం నేనే.

ఆ వేసవి చివర్లో టొరంటోలో ఓ కంపెనీ వాళ్ళు చిన్నూకి కో-ఆప్, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగం, ఇస్తామన్నారు. డిసెంబరు దాకా అక్కడ పనిచేస్తే చదువయ్యాక ఉద్యోగం దాదాపు ఖాయం. వీడు వద్దన్నాడు. ఎందుకయ్యా అంటే, ఇదే ఆఖరి సీజన్, వచ్చే ఏడు చదువు అయిపోతుంది, మళ్ళీ ఆడమన్నా ఆడటానికి ఉండదు అన్నాడు. మా ఆయన జనార్ధనరావు గారు సాఫ్ట్‌వేర్‌లో జుట్టు నెరిపించుకున్న మనిషి. ఆయనకి తల తీసేసినట్టయింది.

"పళ్ళు రాలగొట్టుకునే ఆట కోసం నోటి దగ్గరి కూడు కాదనుకుంటావురా?" అన్నారు.

"ఇట్స్ మై లైఫ్, నాన్నా" అన్నాడు వాడు.

ఆ రోజుతో ఇద్దరికీ మాటలు పోయాయి.

నేను అటూ చెప్పలేను, ఇటూ చెప్పలేను. నేను పనిచేసేది ఆటో పార్ట్స్ ఫ్యాక్టరీలో, ఇన్‌స్పెక్షన్ లైనులో. శనివారం ఓవర్‌టైం ఉందని చెప్పి వాడి ఆటలకి వెళ్ళడం తప్పించుకునేదాన్ని. నిజానికి భయం. కని పెంచినవాడి మీద ఏనుగులాంటివాడు వచ్చి పడుతుంటే కళ్ళప్పగించి చూడటం నావల్ల కాదు.

ఆటల కబుర్లన్నీ నాకు కోదండరామ్ చెప్పేవాడు. మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న ముగ్గురు స్టూడెంట్లలో ఒకడు, జనగామ కుర్రాడు. ఆ ఏడు టొరంటో దగ్గరున్న మా గ్వెల్ఫ్‌లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. ఏ ఇంటి బేస్‌మెంట్ చూసినా ముగ్గురో నలుగురో. వచ్చే పిల్లలకి గదులు చాలక ఊరంతా గోల. కోదండరామ్ పొద్దున్న వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి, మధ్యాహ్నం క్లాసులకి పోయి, శనివారం వస్తే చాలు చిన్నూ ఆటకి పరిగెత్తేవాడు. ఊళ్ళో కబడ్డీ ఆడినవాడట, ఈ కుమ్ములాట వాడికి ప్రాణం.

"ఆంటీ, ఇగ లాస్ట్ మ్యాచ్ లేక్‌షోర్ తోటి. గది గెలిస్తే బౌల్‌కి పోతరు" అన్నాడు ఓ రోజు నా వంటింట్లో నిలబడి పకోడీ తింటూ.

"ఇంతా కొట్టుకునేది గిన్నె కోసమా?"

"గిన్నె కాదాంటీ, పెద్ద కప్పుకి ముందు ఆడే మ్యాచు. మనోళ్ళు బౌల్‌కి పోక ఎన్నేండ్లయిందో. చిన్ను పుట్టకముందంట. లేక్‌షోర్‌కీ వీళ్ళకీ ముందు నుంచీ పడదు. గా మ్యాచ్ ఓడిపోతే సీజన్ మొత్తం దండుగ."

లేక్‌షోర్ వాళ్ళ మీద గెలిస్తే బౌల్, లేకపోతే ఇంటికి. ఆ మాత్రం నాకు అర్థమైంది. దసరా వెళ్ళాక ఆఖరి ఆటకి ముందు ఆట ఒకటి మిగిలింది. అది వేరే ఊళ్ళో, అంత బలమైన జట్టేం కాదు, గెలుస్తారనే అందరూ అనుకున్నారు. గెలిచారు కూడా.

ఆ శనివారం మధ్యాహ్నం నేను గోంగూర ఒలుచుకుంటూ కూర్చున్నాను. కోదండరామ్ మెట్లెక్కి కొంపలంటుకున్నట్టు వచ్చాడు. ఆ వేళ వాడు ఆటకి వెళ్ళలేదు, ఫోన్‌లో చూస్తున్నాడు.

"ఆంటీ, చిన్నుని బయటికి పంపిండ్రు!"

"దెబ్బ తగిలిందా?"

"దెబ్బ కాదాంటీ. గిది చూడండ్రి."

ఫోన్‌లో చిన్న వీడియో. అవతలి జట్టు కుర్రాడు బంతి పట్టుకుని దూసుకొస్తున్నాడు. వాడికి అడ్డం ఎవరూ లేరు, మా చిన్నూ ఒక్కడే. కిక్కర్లు మామూలుగా అలాంటి పనులకి పోరట. మావాడు మాత్రం వాడి నడుం పట్టుకుని లాగి పడేశాడు. ఇద్దరూ దొర్లారు. లేచేటప్పుడు మావాడి బూటు కాలు ఆ కుర్రాడి ఛాతీ మీద పడింది. పడిందో లేదో, మావాడు వంగి వాడి ఛాతీని వేళ్ళతో ముట్టుకుని, ఆ వేళ్ళు రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

"బంగారుకొండ" అన్నాను.

"ఆగండ్రి ఆంటీ, అయిపోలే."

ఈల వినిపించింది. రిఫరీ తప్పు పట్టినట్టు నడుముకి దోపుకున్న గుడ్డ తీసి నేలకి కొట్టాడు. చిన్నూ బిత్తరపోయి వెనక్కి అడుగేశాడు. ఆ అడుగు పోయి వెనక నిలబడ్డ ఇంకో రిఫరీ పాదం మీద పడింది. మావాడు గిరుక్కున తిరిగి, వంగి, ఆయన బూటు ముట్టుకుని మళ్ళీ కళ్ళకద్దుకున్నాడు. ఇంకో గుడ్డ పడింది. ఆ రిఫరీ చెయ్యి చాపి బయటికి దారి చూపించాడు.

నాకు నవ్వాగలేదు. గోంగూర పళ్ళెం పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాను. "కాలు తగిలితే దణ్ణం పెట్టుకున్నందుకు బయటికి పంపిస్తారా? ఇదేం చోద్యంరా నాయనా!"

కోదండరామ్ నవ్వలేదు. "వాళ్ళకేమెరుక ఆంటీ? పడగొట్టినోణ్ణి తట్టి, ఏడువు ఏడువు అని కండ్లు తుడ్చి ఎక్కిరించిండు అనుకున్నరు. రిఫరీని గూడ ఎక్కిరించిండన్నరు. రెండు సార్లయితే బయటికి పంపుతరు. అట్ల పంపినోణ్ణి తర్వాతి మ్యాచ్ ఆడనియ్యరు."

"తర్వాతి మ్యాచ్ అంటే..."

"లేక్‌షోరే."

నవ్వడం మానేసి ఫోన్ మళ్ళీ అందుకున్నాను, ఇంకోసారి చూద్దామని.

సాయంత్రం చిన్నూ ఇంటికొచ్చాడు. బ్యాగు గుమ్మంలోనే పడేశాడు. గెలిచిన జట్టులోంచి వచ్చినవాడి మొహం కాదది. నేను కాఫీ కలిపి ఇస్తే తీసుకోలేదు.

"వాళ్ళకి చెప్పకపోయావా నాన్నా, మన అలవాటు ఇదీ అని?"

"చెప్పమంటావా? వాట్ డు ఐ సే? మై మామ్ టోల్డ్ మి గాడ్ లివ్స్ ఇన్ ఎవ్రీబడీ?" వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను ఆలోచించి చేయలేదమ్మా. చెయ్యి దానంతటదే పోయింది. నువ్వే నేర్పావు. ఇట్స్ బికాజ్ ఆఫ్ యూ!"

గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. నాకు ఒక పక్క కోపం, ఒక పక్క జాలి. మనుషుల్లో దేవుడుంటాడురా, కాలు తగిలితే తప్పురా అని వాడికి నేనే చెప్పాను. నడక రానప్పటి నుంచీ చెప్పాను. మా అమ్మ నాకు చెప్పింది, ఆవిడకి ఆవిడ అమ్మ చెప్పింది. ఇందులో నా తప్పేముందో ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు. కాని వాడి ఆఖరి ఆట పోతోంది. అది మాత్రం నిజం.

మా ఆయన మెట్ల మీద నిలబడి అంతా విన్నారు. కిందికొచ్చి, "పోనీ, ఇలాగైనా ఇంటి పట్టున ఉంటాడు. దెబ్బలు తప్పాయి" అన్నారు.

"మీరు నోరు మూసుకోండి" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి కాదు గాని, అంత గట్టిగా అనడం మొదటిసారి.

కోదండరామ్ ఇంకా వంటింట్లోనే ఉన్నాడు. ఆ వీడియో అప్పటికే ఊరంతా తిరుగుతోందట. దాని కింద జనం రాసిన రాతలు కూడా ఉన్నాయన్నాడు. చూపించడానికి వాడికిష్టం లేదు. ఆయన చెయ్యి చాపారు. వాడు ఫోన్ ఇవ్వక తప్పలేదు.

మర్యాద తెలియని జాతి అని ఒకడు. ఈ స్టూడెంట్లందర్నీ విమానం ఎక్కించి వెనక్కి పంపండని ఇంకొకడు. మావాడు పుట్టింది ఈ ఊరి ఆసుపత్రిలోనే. వాణ్ణి పంపితే ఎక్కడికి పంపుతారో నాకు తెలియదు. ఇక కోదండరామ్‌లాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఎవరి నోటి కూడు లాక్కున్నారో అదీ తెలియదు. వాడు నా పక్కన తల వంచుకుని నిలబడ్డాడు, ఆ రాతలు తనే రాసినట్టు.

ఆయన అన్నీ చదివారు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"మొండి వెధవ, కాదనను. కో-ఆప్ కాలదన్నిన వెధవ, కాదనను" అన్నారు. "మర్యాద తెలియనివాడంటే మాత్రం ఊరుకోను. ఎవరితో మాట్లాడాలి?"

ఆ మాటకి నాకు నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి. అటు తిరిగి పొయ్యి తుడిచాను.

ఎవరితో మాట్లాడాలో మర్నాడు కోచ్ డానీ ఫోన్ చేసి చెప్పాడు. లీగ్ వాళ్ళకి అప్పీల్ పెట్టాడట. మంగళవారం సాయంత్రం వీడియో కాల్‌లో ముగ్గురు పెద్దలు కూర్చుని వింటారు. చిన్నూ చెప్పుకోవాలి, ఇంట్లోవాళ్ళు కూడా మాట్లాడొచ్చు. వాడేమో తనకి నోరు లేనట్టు కూర్చున్నాడు, మీరే ఒప్పించండి అన్నాడు పాపం డానీ.

వాడి గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

"అమ్మా, ప్లీజ్. డోంట్ మేక్ ఇట్ ఎ థింగ్."

"థింగ్ ఎప్పుడో అయిపోయిందిరా. నీ బొమ్మ ఊరంతా తిరుగుతోంది. వెక్కిరించాడు అంటున్నారు. నువ్వు వెక్కిరించావా?"

"నో!"

"మరి చెప్పడానికేం రోగం?"

వాడు దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నాడు. "జట్టులో ఎవరికీ ఇవన్నీ తెలియవమ్మా. ఇప్పుడు తెలిస్తే నవ్వుతారు. ఐ జస్ట్ వాంట్ టు బి ద కిక్కర్."

వాడి జుట్టు నిమిరాను. వాడు వద్దనలేదు. "నవ్వితే నవ్వనీ. నవ్వితే ఆట పోదు. నోరు మూసుకు కూర్చుంటే పోతుంది" అన్నాను.

దుప్పటి వదిలి సరేనన్నాడు.

మంగళవారం హాలోవీన్. ఆ సంగతి లీగ్ వాళ్ళకి గుర్తు లేదో, పిల్లలు లేని ఇళ్ళో. సరిగ్గా కాల్ మొదలయ్యే వేళకి మా వీధిలో చాక్లెట్ల కోసం పిల్ల దయ్యాలూ మంత్రగత్తెలూ గుంపులు గుంపులుగా బయల్దేరారు. కోదండరామ్‌ని చాక్లెట్ల బుట్టతో గుమ్మం దగ్గర కూర్చోబెట్టాను. బెల్లు మోగకముందే తలుపు తీయాలని వాడికి ఆజ్ఞ. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్. మధ్యలో చిన్నూ, అటు ఆయన, ఇటు పక్కగా నేను. ఆయన పైన చొక్కా, టై, కోటు. కింద గళ్ళ లుంగీ. కింద ఎవరికి కనిపిస్తుంది అన్నారు.

తెర మీద ముగ్గురు పెద్దలు. మధ్యలో కళ్ళద్దాల ఆవిడ అధ్యక్షురాలు. ఒక పక్క ఎప్పుడో రిఫరీగా చేసి రిటైరయిన పెద్దాయన, తెల్లటి మీసాలు. ఇంకొకాయన ఆ సాయంత్రమంతా నోరు విప్పలేదు. కింద చిన్న గడిలో కోచ్ డానీ, గోళ్ళు కొరుక్కుంటూ.

చిన్నూ చెప్పాడు. ముక్తసరిగా చెప్పాడు. "మా ఇంట్లో, కాలు ఎవరికైనా తగిలితే వాళ్ళని ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. అంటే సారీ అని. నేను ఎవర్నీ వెక్కిరించలేదు" అన్నాడు ఇంగ్లీషులో. చెబుతున్నంతసేపూ టేబుల్ వంకే చూశాడు.

మీసాల పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "బాబూ, గుడ్డ పడ్డాక ప్రతివాడికీ ఒక కారణం ఉంటుంది. నేను చాలా కారణాలు విన్నాను. ఇది అప్పటికప్పుడు అల్లింది కాదని మాకెలా తెలుస్తుంది?"

నిజమే, ఏం చూపించి రుజువు చేస్తాడు?

"మే ఐ?" అన్నారు మా ఆయన. టై సర్దుకున్నారు. "మా నాగరికతలో, వేదకాలం నుంచి..."

అయిపోయాం అనుకున్నాను. ఈయన వేదకాలం దగ్గర మొదలుపెడితే మన కాలానికి వచ్చేసరికి భోజనాలు చల్లారిపోతాయని గ్వెల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఏదైనా ఫంక్షన్‌లో ఈయన మైకు దగ్గరికి వెళ్తుంటే జనం ప్లేట్లు తెచ్చుకోవడానికి లేస్తారు. కళ్ళద్దాల ఆవిడ ఓపిగ్గా తల ఊపింది. ఈయన వేదకాలం దాటి గురుకులాలకి వచ్చారు. ఆవిడ గడియారం చూసుకుంది. నేను దగ్గాను. ఆయన పంచభూతాల దగ్గరికి వెళ్ళారు. గుమ్మం దగ్గర ఎవరో పిల్ల దయ్యం ట్రిక్ ఆర్ ట్రీట్ అని అరిచింది. ఆవిడ మళ్ళీ గడియారం చూసుకుంది. ఇక నావల్ల కాలేదు. వీళ్ళు విసుగొచ్చి కాల్ కట్టేస్తే నా కొడుకు ఆట పోతుంది. చిన్నూ కుర్చీ కింద నుంచి కాలు చాపి, ఆయన పిక్క మీద ఒక్కటి తన్నాను.

ఆయన "ఆఁ" అని, ఆగకుండా మళ్ళీ అందుకున్నారు. ఆవిడ మాత్రం చెయ్యెత్తింది.

"ఒక్క నిమిషం, సర్. మేడం, మీరు ఇప్పుడేం చేశారు?"

"నేనా? నేనేం చేయలేదు" అన్నాను.

"చేశారు. పక్కకి వంగి ఆయన భుజం ముట్టుకున్నారు. తర్వాత కళ్ళకి పెట్టుకున్నారు."

నా చెయ్యి చూసుకున్నాను. వేళ్ళు ఇంకా రెప్పల దగ్గరే ఉన్నాయి. ఒట్టు, నాకు తెలియనే తెలియదు. చిన్నూ నా వైపు తిరిగి చూశాడు, వాడి నోరు కొద్దిగా తెరుచుకుంది.

"నేను ఆయన్ని తన్నాను" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"తన్నారా? ఎందుకు?"

"ఆపకపోతే గంట మాట్లాడతారు."

ముందు నవ్వింది డానీ. తర్వాత నోరు విప్పని ఆయన కూడా నవ్వాడు. మీసాల పెద్దాయన నవ్వలేదు గాని ముందుకి వంగాడు. "తన్నింది మీరే కావాలని. మళ్ళీ ఆ సారీ ఎందుకు?"

"తన్నింది ఆయన మీద కోపంతోటి. కాలు తగిలింది కదా, అది వేరు" అన్నాను. "తగిలాక చెయ్యి ఊరుకోదండీ."

మీసాల పెద్దాయన వీడియో మళ్ళీ వేయమన్నాడు. చిన్నూ పడగొట్టడం, బూటు తగలడం, చెయ్యి కళ్ళకి పోవడం, వెనకడుగు, రిఫరీ బూటు, మళ్ళీ చెయ్యి. మొదటిసారి నెమ్మదిగా వేశారు, రెండోసారి ఇంకా నెమ్మదిగా. తర్వాత మమ్మల్ని ఆగమని చెప్పి వాళ్ళ గడులు నల్లబడ్డాయి.

మేం ముగ్గురం ఆ నల్ల తెర వంక చూస్తూ కూర్చున్నాం. ఆయన పిక్క రుద్దుకున్నారు. గుమ్మంలో కోదండరామ్ ఎవరితోనో "ఒక్కటే తీసుకో బేటా, ఎనక ఇంకా మంది ఉన్నరు" అంటున్నాడు, తెలుగులోనే.

గడులు వెలిగాయి. సస్పెన్షన్ ఎత్తేస్తున్నామంది ఆవిడ. శనివారం ఆడొచ్చంది. "మిస్టర్ మహీధర్, కాస్త చూసి అడుగెయ్యి" అన్నాడు మీసాల పెద్దాయన, ఈసారి నవ్వుతూ.

హమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది. చిన్నూ నుదురు టేబుల్‌కి ఆనించి అలాగే ఉండిపోయాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని కంగారుపడి చూస్తే నవ్వుతున్నాడు, ఆపుకోలేక.

"నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు వాళ్ళు" అన్నారు ఆయన లాప్‌టాప్ మూస్తూ. "అసలు పాయింటుకి వస్తున్నాను అప్పుడే. సర్లే, అన్నానికి రమ్మను వాణ్ణి."

వాడు ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాడు.

శనివారం లేక్‌షోర్ ఆటకి వెళ్తానన్నాను. ఓవర్‌టైం లేదా అని ఎవరూ అడగలేదు. ఆయన కోటు వేసుకుని కారు తాళాలు తీసుకున్నారు. "మీరెక్కడికి?" అంటే, "ఆ పార్కింగులో నువ్వు కారు పెట్టలేవు" అన్నారు. బేస్‌మెంట్ పిల్లలు ముగ్గురూ మాకంటే ముందే వెళ్ళిపోయారు.

నేను ఆట చూసిందెంతో, కళ్ళు మూసుకున్నదెంతో. లేక్‌షోర్ వాళ్ళు ఒక్కొక్కడూ ఫ్రిజ్‌లా ఉన్నాడు. మొదట్లోనే ఒకడు చిన్నూని గుద్ది పడేస్తే, "ఒరేయ్, నీకు అమ్మా నాన్నా లేర్రా!" అని లేచి అరిచాను. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చిన్నూ లేచి భుజం తడుముకుని మళ్ళీ నిలబడ్డాడు. రెండు సార్లు బంతిని కర్రల మధ్య నుంచి దాటించాడు. మనవాళ్ళు ముందుకి పోవడం, వాళ్ళు వచ్చి అందుకోవడం, సాయంత్రం దాకా ఇదే వరస. చివరికి ఇద్దరి స్కోరూ సమానంగా నిలిచింది. టైం అయిపోవస్తోంది. బంతి మనవాళ్ళ చేతిలోనే ఉంది గాని కర్రలు చాలా దూరంలో ఉన్నాయి. కోచ్ చిన్నూని పిలిచాడు.

కోదండరామ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "గిదే లాస్ట్ ఆంటీ. కొడితే బౌల్."

స్టేడియం అంతా లేచి నిలబడింది. చిన్నూ కొలుచుకున్నట్టు వెనక్కి అడుగులేశాడు. నేను మనసులో ఏ దేవుణ్ణీ తలచుకోలేదు, నిజం, వాడి చిన్నప్పటి మొహం ఒక్కటే కనిపించింది. బంతి వచ్చింది. తన్నాడు. ఎత్తుగా లేచింది, చాలా ఎత్తుగా. లేచి, కుడివైపుకి ఒరిగి, కర్రల బయటి నుంచి పోయింది.

మొహం చేతుల్లో దాచుకున్నాను. అయిపోయింది. ఇంత గొడవపడి, అంతమంది ముందు మొగుణ్ణి తన్ని తెచ్చిన ఆట, వాడి కాలి మీదుగానే పోయింది. ఇక ఈ పిల్లాడు ఎలా తట్టుకుంటాడా అని ఏడుపు తన్నుకొచ్చింది.

ఎవరో నా భుజాలు పట్టుకుని ఊపేస్తున్నారు. చూస్తే మా ఆయన. బెంచీ ఎక్కి నిలబడి ఉన్నారు.

"ఒక పాయింటే! రత్నా, ఒక పాయింటు! కర్రల్లోంచి పోకపోయినా వెనక గీత దాటిపోయింది. ఒక పాయింటు ఇస్తారు! గెలిచామే!"

"మీకెలా తెలుసు?" అన్నాను ఏడుస్తూనే.

"రూల్‌బుక్ చదివాను. అప్పీల్ అన్నాక చదవొద్దూ?"

కింద కొంగల జట్టంతా చిన్నూ మీద పడింది. ఈసారి ఎంతమంది పడ్డా నాకు భయం వేయలేదు. కోదండరామ్, వాడి స్నేహితులు మెట్లు దిగి కంచె దాకా పరిగెత్తారు. మేం వాళ్ళ వెనకే నెమ్మదిగా దిగాం. జనం తగ్గాక చిన్నూ హెల్మెట్టు చేత్తో పట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు. గడ్డానికి మట్టి. గెలిచినా మొహంలో ఏదో నలుగుతోంది.

"భుజానికి దెబ్బ తగిలిందా?" అన్నారు ఆయన.

చిన్నూ అలవాటుగా నా వంక చూశాడు, నేను అందుకుని అడుగుతానని. ఆయనా చూశారు. నేను గట్టిగా నోరు మూసుకుని స్కోర్‌బోర్డు చదువుకుంటూ నిలబడ్డాను. చచ్చినా మాట్లాడకూడదనుకున్నాను.

"లేదు నాన్నా" అన్నాడు వాడు, ఆయన వైపే తిరిగి. "కొంచెమే." హెల్మెట్టు చెయ్యి మార్చుకుని, "నేను మిస్సయ్యాను, నాన్నా. అది నిజంగా మిస్సే" అన్నాడు.

"మిస్సయితే అయింది. గీత దాటించావు కదరా, అది మామూలు దూరమా?" కంచె మీద నుంచి చెయ్యి చాపి ఆ డిప్ప భుజం మీద వేశారు. వేసి, అటూ ఇటూ తడిమారు, దెబ్బ ఎక్కడుందో చూస్తున్నట్టు. "ఆ బౌల్ ఆట ఎక్కడ?"

"క్యుబెక్‌లో. జట్టు బస్సులో వెళ్తాం."

"నువ్వు బస్సులో వెళ్ళు. మేం వెనకాల కారులో వస్తాం. అమ్మకి బస్సు పడదు."

"లాంగ్ డ్రైవ్ నాన్నా. స్నో ఉండొచ్చు."

"ఉంటే ఉంటుంది. టైర్లు మార్పిస్తా. ఏ హోటల్లో పెడుతున్నారో నాకు పంపు."

వాళ్ళిద్దరూ హైవేల గురించీ, ఎక్కడ ఆగాలి అన్నదాని గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అప్పుడు గాని నాకు చలేస్తోందని తెలియలేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా వెళ్దాం పదండి అనలేదు నేను.